పసుపు చుక్కలు

ఫోన్ మోగేసరికి నవనీత చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. మోచేత్తోనే ఫోను ఎత్తి, మోచేత్తోనే స్పీకరు నొక్కింది.

"నవనీతా, నేను శైలజ మేడంని. సీటొచ్చింది నీకు. పీహెచ్‌డీ నా దగ్గర్నే. వచ్చేవారం ఒకసారి డిపార్ట్‌మెంట్‌కొచ్చి ల్యాబ్ చూసుకొని పో."

థాంక్స్ చెప్పిందో లేదో ఆమెకే తెలియదు. నురగ కారుతున్న చేతులతో ముందుగదిలోకి పరుగెత్తింది. కింద కూర్చుని మల్లెమొగ్గలు మాలకడుతున్న లచ్చవ్వ తలెత్తేలోపు కోడలు ఆమె కాళ్లకు మొక్కడం, మెడ చుట్టూ చేతులు వేయడం రెండూ అయిపోయాయి.

"గిదేందే బిడ్డా, చీరంత తడిపినవ్! ఏమైంది?"

"సీటొచ్చింది అత్తమ్మా! ఉస్మానియాల పీహెచ్‌డీ సీటు!"

"అంటే డాక్టరమ్మవైతవా?"

"సూదిమందు ఇయ్యని డాక్టర్ని."

"గసుంటి డాక్టరే మంచిది. బిల్లెయ్యదు," అని లచ్చవ్వ మాలలోంచి ఒక మూర తెంపి కోడలి జడలో తురిమింది.

సాయంత్రం భర్త నాగేష్ మౌలాలిలో పని ముగించుకుని మూడంతస్తులూ పరుగున ఎక్కి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా వంటింటి గుమ్మంలోనే నవనీతను నేల మీంచి పైకెత్తాడు.

"బావా, దించు! అత్తమ్మ ఉన్నది."

"ఉంటే ఉండనీ. అమ్మకు మల్లెపూల మీదనే ధ్యాస."

"నాకు చెవులున్నయ్ రా," అంది లచ్చవ్వ అవతలి నుంచి.

పెళ్లయి ఇంకా మెడలో పసుపుతాడు రంగు మారలేదు. ఈ ఇంట్లో తలుపు వెనక ఒకే కొయ్యకు వేలాడే రెండు చొక్కాలు, ఒకే స్టాండులో ఒరిగి నిలబడ్డ రెండు టూత్‌బ్రష్షులు చూసినా నవనీతకు నవ్వొస్తుంది. అలాంటిది ఇప్పుడు సీటు కూడా వచ్చె! ఆదివారం నాగేష్ స్నేహితుల్ని, అంటే క్యాంపస్ హాస్టల్లో ఉండే దేవేందర్‌నీ వాళ్ల గదిలోని మరో ఇద్దరినీ భోజనానికి పిలవాలని ఆ నిమిషంలోనే తీర్మానం అయిపోయింది. చికెన్ తనే వండుతానంది నవనీత. ఈ ఇంట్లో ఆరుగురికి వండి పెట్టడం ఆమెకు ఇదే మొదలు.

ఎదురు పోర్షన్ స్వరూప ఆ మాట వింటూనే, "పెరుగు పచ్చడి నా వంతు చెల్లె," అంది. స్వరూప గుమ్మం ముందే బల్ల వేసి చపాతీలు, కూరలు అమ్ముతుంది. హాస్టల్ పిల్లలు తార్నాక సందులన్నీ దాటుకుని ఆమె బల్ల దగ్గరికే వస్తారంటే సగం ఆ పెరుగు పచ్చడి కోసమే. కీరా, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, గట్టి పెరుగులో కలిపి, కొత్తిమీర చల్లి ఇస్తుంది.

ఆదివారం పొద్దెక్కితే కోడి అంగడి దగ్గర జనం పెరుగుతారని నాగేష్ తెల్లవారుతూనే వెళ్లి చికెన్ తెచ్చాడు. నవనీత ఫ్రిజ్ తలుపు తీయబోతుంటే లచ్చవ్వ అడ్డొచ్చింది.

"అండ్ల వద్దు బిడ్డా. దేవుని పూలున్నయ్, కొబ్బరికాయున్నది. పచ్చి కోడి వాటి పక్కన పెడ్తమా? ఉప్పు, పసుపు పట్టియ్యి. ఏం గాదు."

నవనీత పుట్టింట్లో అమ్మ చేసేదీ అదే. ముక్కలకు ఉప్పు, పసుపు దండిగా పట్టించి, గిన్నెను గట్టు మీదే ఓ పక్కకు జరిపింది. ఎండ ముదురుతున్న కొద్దీ వంటింట్లో ఉక్క పెరిగింది. ఆమె కొబ్బరి వేయించింది, మసాలా నూరింది, మధ్యమధ్య గదిలోకి వెళ్లి పరుపు మీద కొత్త దుప్పటి ముడతలు సరిచేసి వచ్చింది. చికెన్ మాత్రం ఉన్నచోటే ఉంది.

పదకొండు దాటాక స్వరూప స్టీలు గిన్నె రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. "ఒక్కటే గిన్నెల కలిపిన. సగం మాకు ఉంచుకున్న, సగం మీకు. ఉప్పు సూడు," అని సింకు పక్కనే పెట్టి వెళ్లింది.

నవనీత మూత తీసి ఒక స్పూను నోట్లో వేసుకుంది. చల్లగా, కమ్మగా గొంతులోకి జారింది. ఇంకో స్పూను వేసుకుంది. మూత చేతిలో అడ్డంగా ఉందని పొయ్యి అవతల పెట్టి, చికెన్ గిన్నె సింకులోకి దించి నల్లా పూర్తిగా తిప్పింది. ఒక్కో ముక్కనీ ధార కింద పట్టి, వేళ్లతో రుద్దుతూ, పసుపు నీళ్లు తెల్లబడేదాకా కడిగింది. ధార ముక్కల మీద పడి నలువైపులా చిందింది. జాకెట్టు చేతులు తడిశాయి. ఏదో పాట కూనిరాగం తీస్తూ ఆమె ముఖం మీది తుంపర భుజంతో తుడుచుకుంది.

భోజనాలు రెండు గంటలకు గానీ మొదలవ్వలేదు. దేవేందర్ మూడోసారి కూర వేయించుకుంటూ, "వదినా, థీసిస్ గీసిస్ ఇడిసిపెట్టు. హోటల్ పెట్టు. నేను గల్లా మీద కూసుంటా," అన్నాడు.

"నువ్వు గల్లా మీద కూసుంటే అది రెండోరోజే మూతవడ్తది," అన్నాడు నాగేష్.

పెరుగు పచ్చడి గిన్నె అడుగు గీకేదాకా ఎవరూ వదల్లేదు. లచ్చవ్వ ఒక్కతే చెయ్యి అడ్డం పెట్టింది. పెరుగు తింటే ఆమెకు కాళ్లు గుంజుతాయి. కూర మాత్రం కడుపునిండా తిని, "నా కోడలు చెయ్యి మంచిదే," అని అందరి ముందూ అంది. నవనీతకు ఆ పూట అన్నం తినకపోయినా నిండిపోయేది.

సోమవారం తెల్లారేసరికి నాగేష్ బాత్‌రూమ్ తలుపు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. నవనీతకు కడుపులో మెలితిప్పుతోంది, ఒళ్లు వెచ్చబడింది. లచ్చవ్వ ఒక్కతే తిరుగుతూ ఇద్దరికీ గంజి కాచి, ఉప్పు వేసి తాగిస్తోంది. మధ్యాహ్నం దేవేందర్ నీరసపు గొంతుతో ఫోన్ చేస్తే నాగేష్ స్పీకరు పెట్టి, ఇంట్లో లచ్చవ్వ ఒక్కతే బాగుందని చెప్పాడు. హాస్టల్లో ముగ్గురిదీ అదే తీరు. ఒకతనికి ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు.

"నేను ఆలోచన జేసిన అన్నా," అన్నాడు దేవేందర్. "చికెన్ అందరం తిన్నం. పెద్దమ్మ గూడ తిన్నది. పెరుగు పచ్చడి పెద్దమ్మ ఒక్కతే ముట్టలే, పెద్దమ్మ ఒక్కతే మంచిగున్నది. ఇంకేం సాక్ష్యం గావాలె? గా స్వరూప ఆంటీ పచ్చడే."

నాగేష్ కడుపు పట్టుకునే తలూపాడు. "కరెక్టే రా. పెరుగు పాతది కలిపి ఉంటది."

పక్కనే పడుకున్న నవనీతకు గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టైంది. తన కూర కాదు! ఆ సంతోషం రెండు ఊపిరులు కూడా నిలవలేదు. గోడ అవతల స్వరూప చపాతీకర్ర పీట మీద దొర్లుతున్న చప్పుడు వినిపించింది. నవనీత దుప్పటి తల మీదికి లాక్కుంది.

మంగళవారం మధ్యాహ్నానికి లేచి తిరగగలిగింది. తలుపు తీస్తే ఎదురుగా స్వరూప బల్ల. మామూలుగా ఆ వేళకు మెట్ల మీద చెప్పుల వరస కింది అంతస్తు దాకా ఉంటుంది. ఇప్పుడు ఒక్క చెప్పు లేదు. గుడ్డ కప్పిన చపాతీలు దొంతిగా పడున్నాయి. స్వరూప విసనకర్రతో ఈగల్ని తోలుతోంది.

"మంచిగైందా చెల్లె పానం?"

"అయ్యింది అక్కా."

"పొల్లగాండ్లు ఫోన్ల రాసుకున్నరట, తార్నాక ఆంటీ దగ్గర తినకున్రి అని. పొద్దున్నుంచి ఒక్కడు రాలే. ఉమాపతి సారు కిందికి పిలిచిండు." ఉమాపతి ఇంటి ఓనరు. "నెలాఖరు దాకా సూస్త, నా బిల్డింగుకు గీ చెడ్డపేరు వద్దు, గప్పటికి వంట బందువెట్టు అన్నడు."

నవనీత నేల చూసింది.

"అదే గిన్నెలది మేం గూడ తిన్నం. పగటికి తిన్నం, రాత్రికి పిల్లలు తిన్నరు. ఒక్కలకు గూడ తలనొప్పి రాలే," అంది స్వరూప. విసనకర్ర ఆపింది. "అందరు అంటున్నరు, సరే. నువ్వు గూడ అంటున్నవా?"

"లేదక్కా," అంది నవనీత. ఆ మాట ఆమెకే వినిపించనంత సన్నగా వచ్చింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

బుధవారం శైలజ మేడం బాటనీ ల్యాబ్ చూపించింది. ఇక రోజూ పనిచేయబోయే బల్ల, తన పేరు రాసుకోవాల్సిన అర, అద్దాల గదిలో సీసాల్లో మొలకెత్తుతున్న చిన్న చిన్న ఆకుపచ్చ మొక్కలు. చూస్తున్నంతసేపూ నవనీత పెదవుల మీద నవ్వు ఆగలేదు. ఒక మూల మాత్రం మేడం గొంతు మారింది. మొక్కలకు పోషకాలు పోసిన గాజు ప్లేటు మూత తీసి ఉండగా, దాని పక్కనే ఎవరో నల్లా తిప్పి గాజుసామాను కడిగారట. ప్లేటు ఎత్తి వెలుతురుకు పట్టింది. నల్లా ఉన్న వైపు బూజు చుక్కలు గుంపుగా, అవతలికి పోయేకొద్దీ పలచగా ఉన్నాయి.

"చూసినవా? నీళ్ల తుంపర ఎట్ల పోయిందో గీసినట్లున్నది. కడిగినోళ్లకు ఆ టైంలో ఏం కనబడదు. మర్నాడు ఇట్ల కనబడుతది."

నవనీత ఆ ప్లేటు మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. సింకు, పూర్తిగా తిప్పిన నల్లా, తడిసిన జాకెట్టు చేతులు, పొయ్యి అవతల పెట్టిన మూత. ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి.

"ఏమైంది, మొహం అట్ల పెట్టినవ్?"

"ఏం లేదు మేడం. ఇంట్ల ఒక పని యాదికొచ్చింది."

ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి నడిచి వచ్చే ఆ దారి ఆమెకు ప్రాణం. ఇవాళ చెట్లు చూడలేదు, మెట్ల మీద కూర్చున్న జంటల్ని చూసి నవ్వుకోలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. పెద్ద ఆలుగడ్డ తీసుకుని, ఆదివారం చికెన్‌కు పట్టించినట్టే ఉప్పు, పసుపు దండిగా పట్టించింది. స్వరూప గిన్నె ఉన్నచోట తెల్ల పింగాణీ గిన్నె పెట్టింది. నల్లా పూర్తిగా తిప్పి, ఆలుగడ్డను ధార కింద రుద్ది రుద్ది కడిగింది. నల్లా కట్టేసి చూస్తే గట్టు మామూలుగానే తడిగా ఉంది. చుక్కలు అంత పలచనివి.

అప్పుడు గుడ్డ మీద బట్టల సబ్బు రుద్ది, గట్టు మీద మెల్లగా అద్దుతూ పోయింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడటం బట్టలుతికిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. ముందు సింకు అంచున ఎర్రచుక్కలు లేచాయి. తర్వాత గోడ టైల్స్ మీద. తర్వాత పొయ్యి దాకా. చివరికి తెల్ల గిన్నె లోపల గుడ్డ తిప్పింది. అడుగున, అంచుల మీద, ఎర్రగా, సన్నగా.

"కుంకుమ ఎవరు చల్లిన్రే?" అంటూ లచ్చవ్వ వెనక వచ్చి నిలబడింది.

నవనీత గిన్నె ఆమె చేతికిచ్చింది. "ఇది ఆలుగడ్డ కడిగిన నీళ్లు అత్తమ్మా. ఆదివారం నేను కడిగింది కోడిని. ఇక్కడ అక్క గిన్నె ఉండె. మూత నేనే తీసిన." ఆమె గట్టు మీది చుక్కలు చూపించింది. "పచ్చి కోడిల క్రిములుంటయ్. కూరల ఉన్నయి మసిలి చచ్చిపోయినయ్, అందుకే నీకు ఏం గాలే. పచ్చట్ల పడ్డయి మనం తినేదాకా ఆ ఉక్కల పెరిగినయ్. పచ్చడి మంచిదే. చెడగొట్టింది నేను."

లచ్చవ్వ గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఇప్పుడు తిడుతుంది, ఆదివారం ఇచ్చిన మెప్పంతా వెనక్కి తీసుకుంటుంది అనుకుంది నవనీత.

"పొద్దుగాల తెచ్చిన కోడి పగటిదాకా గట్టు మీదనే ఉండె. గది గూడ తప్పేనా?" అంది లచ్చవ్వ.

"అవు. వేడికి బాగ పెరుగుతయ్. ఫ్రిజ్‌ల అయితే అంతగనం పెరగవు."

"ఫ్రిజ్‌ల వద్దన్నది నేనే గద."

ఆమె ఫ్రిజ్ తెరిచి దేవుని పూలు, కొబ్బరికాయ, పాలగిన్నె ఒక్కొక్కటీ పై అరల్లోకి ఎక్కించింది. అట్టడుగు అర తడిగుడ్డతో తుడిచి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి వెతికి అందులో పెట్టింది. "కోడిది గిదే జాగ. కింద ఉంటే దాని నీళ్లు కారినా దేవుని పూల మీద పడవు."

నాగేష్ వచ్చేసరికి గట్టు మీద ఎర్రచుక్కలు అట్లాగే ఉంచారు. మొత్తం విని అతను తల గోక్కున్నాడు.

"సరే, అయింది అయిపోయింది. ఇప్పుడు చెప్పుడెందుకు? కొత్త పెండ్లాం మొదటి వంటకే దోస్తులను దవాఖాన్ల పడేసింది అని ఏడాదంత నవ్వుతరు వాళ్లు. నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతరు నవనీ."

"వాళ్లు మర్చిపోతరు బావా. అక్క బల్ల ఖాళీగుంటది."

"నీ పేరు ఖరాబైతది అని అంటున్న..."

"ఏందిరా?" లచ్చవ్వ గొంతు అంతగా లేవడం నవనీత ఈ ఇంట్లో వినలేదు. "నీ పెండ్లాం పేరు కోసం అవతలి దాని పొట్ట కొడ్తవా? పో, అరకిలో చికెన్ పట్టుకరా. డబ్బా తీస్కపో, అండ్లనే పెట్టిచ్చుకరా."

నాగేష్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం వంటలో నవనీత ముందు కొత్తిమీర, ఉల్లిగడ్డ తరిగి మూతలు పెట్టింది. ఆ తర్వాతే డబ్బా తెరిచి, ముక్కల్ని కడగకుండా తిన్నగా తాళింపులోకి వంచింది. లచ్చవ్వ ముక్కు మూసుకుంది.

"రామరామ! కడగని కోడి! నీసు ఎట్ల పోతది?"

"అల్లం వెల్లుల్లి ఉన్నది గద అత్తమ్మా. మంట ఉన్నది. నీళ్లు చేసే పని అవి ఇంకా మంచిగ చేస్తయ్."

ఖాళీ డబ్బా, గరిట సబ్బుతో కడిగింది, చేతులు వేళ్ల సందుల్లో కూడా తోముకుంది. కూర కుతకుతమని ఉడికాక అన్నిట్లోకీ లావు ముక్క ఏరి, ఎముక దగ్గర విడదీసి అత్తకు చూపించింది. ఎర్రదనం లేదు, తేటనీరు కారింది. లచ్చవ్వ అనుమానంగా ఒక పీచు నోట్లో వేసుకుని నమిలింది. రెండో ముక్క అడగకుండానే తీసుకుంది.

"నీసు ఉన్నదా?" అన్నాడు నాగేష్.

"మాట్లాడియ్యకు. తిననియ్యి."

గిన్నెలో కూర పోసి మూత పెట్టుకుని నవనీత ఎదురింటి తలుపు తట్టింది. వెనకే నాగేష్, తెల్ల గిన్నె పట్టుకుని లచ్చవ్వ. స్వరూప తలుపు సగమే తీసింది. నవనీత గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పింది, మూత సంగతి కూడా. చెప్పి, అక్కడే దేవేందర్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

"దేవేందర్, పచ్చట్ల తప్పు లేదు. మూత తీసి పక్కన కోడి కడిగింది నేను. తుంపర పడ్డది. మీకు నా చేతుల మీదనే అయింది."

"వదినా, సెలైన్ ఎక్కినోడు పక్కనే ఉన్నడు. దండం పెడ్తున్నడు నీకు," అన్నాడు దేవేందర్. వెనక ఎవరో నవ్వారు. "మరి మేం ఆంటీ గురించి గ్రూపుల పెట్టినం గద..."

"పెట్టినోళ్లే తియ్యాలె," అంది నవనీత.

ఫోన్ పెట్టేశాక కూడా స్వరూప నవ్వలేదు. తలుపు పట్టుకునే ఉంది. "నిన్న అడిగితే పొయ్యి మీద పాలున్నయన్నవ్."

"నిన్న నాకు సరిగ తెల్వది అక్కా. కానీ మీ పిల్లలకు ఏం గాలే అన్నప్పుడే నీది కాదని తెలిసింది. చెప్పలే."

"రెండు రోజులు మెట్లు దిగాలంటే సిగ్గయింది నాకు. ఫోన్ల చెప్పిన మాట ఫోన్లనే ఉంటది చెల్లె. ఉమాపతి సారు గ్రూపుల లేడు."

"ఆయనకు నేను చెప్త," అంది లచ్చవ్వ తెల్ల గిన్నె పైకెత్తి. "గీ గిన్నె పట్టుకొని ఇప్పుడే పోత. నాగేషూ, నువ్వు గూడ నడువు. పెండ్లాం పేరు ఎట్ల కాపాడుతవో సూస్త."

నాగేష్ నవనీత వైపు ఒకసారి చూసి, ఓడిపోయిన నవ్వు నవ్వి, తల్లి చేతిలోంచి గిన్నె అందుకుని ముందు నడిచాడు. ఆ నవ్వుకు నవనీతకు అతన్ని మళ్లీ కొత్తగా పెళ్లాడాలనిపించింది.

మెట్ల మీద వాళ్ల అడుగులు దిగిపోతుంటే స్వరూప తలుపు పూర్తిగా తెరిచింది. కూర గిన్నె అందుకుని మూత ఎత్తి వాసన చూసింది.

"ఇది కడిగిన కోడా, కడగనిదా?"

"కడగనిది."

"ఛీ," అంది స్వరూప. ఒక ముక్క నోట్లో వేసుకుంది. కాసేపటికి ఆమె చూపు ఖాళీగా ఉన్న పిండి బేసిను మీదికి పోయింది. "రేపు ఎంత పిండి కలపాలె నేను? ఎవరన్న వస్తరో రారో."

"రోజు కలిపినంతనే కలుపు అక్కా. పొద్దుగాల నేనొస్త, కీరా నేను తరుగుత, పెరుగు నువ్వు కలుపు. దేవేందర్ వాళ్లు ముగ్గురు రేపు పగటికి నీ బల్ల దగ్గరనే తినాలె, నేనే ఒడ్డిస్త. మెట్లెక్కి వచ్చిన ప్రతోళ్లకు, ఆదివారం ఏమైందో నా నోటితోని చెప్త."